మూడో వద్దు

ముత్యాలలంక బజారులో కుడుపూడి ఏడుకొండలు గారు ఏ కొట్టు ముందు ఆగితే ఆ కొట్టులో కాటా నిజం చెప్పేది. ఆయన ప్రమాణాల మండలిలో తనిఖీ అధికారి. ఊళ్ళో తూకం రాళ్ళూ, మీటరు బద్దలూ, నూనె కొలిచే గిద్దెలూ సరిగ్గా ఉన్నాయా లేదా అని చూడటం ఆ మండలి పని. చేపల బజారు నుంచి బస్టాండు వైపు నడుస్తూ నడుస్తూ ఆయన బెల్లం కొట్టు ముందు టక్కున ఆగేవారు. మరి కాస్త నడిచి ఇనప సామాను కొట్టు ముందు ఆగేవారు. ఆ తర్వాత జాకెట్టు గుడ్డల కొట్టు. లోపలికి వెళ్ళేవారు కారు, ఏమీ అడిగేవారు కారు. గుమ్మం వైపు తిరిగి పళ్ళు బిగించి అలా చూస్తూ నిలబడేవారు. లోపల కొట్టువాడికి పైప్రాణాలు పైనే పోయేవి. కాటా పళ్ళెం అడుగున అంటించిన చింతపండు గబగబా గోకి పారేసేవాడు. కాసేపటికి ఏడుకొండలు గారు తల పంకించి ముందుకు సాగేవారు.

"ఆ చూపు చూశారూ, ఎక్స్‌రే అండి బాబూ!" అనుకునేది బజారంతా.

చూపూ లేదు, పాడూ లేదు. ఆయనకి పిక్క పట్టేసేది. నాలుగడుగులు గట్టిగా వేస్తే ఎడమ పిక్కని ఎవరో తడిగుడ్డ పిండినట్టు పిండేవారు. కాసేపు నిలబడితే పోయేది. నడిబజారులో ఉత్తినే నిలబడితే నలుగురూ ఏమనుకుంటారోనని పక్కనున్న కొట్టు వైపు తిరిగేవారు, అంతే. ఈ ఆగడాలన్నిటినీ మండలివారు తనిఖీల కింద జమకట్టి, ఏటా ఆయనకే ఉత్తమ అధికారి శాలువా కప్పేవారు.

ఆయనకి షుగరుంది. చాలా ఏళ్ళ నుంచీ ఉంది. అయితే ఏటా రక్తపరీక్షకి రెండ్రోజుల ముందు నుంచి మిరియాల చారూ పల్చటి మజ్జిగా తప్ప ముట్టేవారు కారు. రిపోర్టు కడిగిన ముత్యంలా వచ్చేది. వచ్చిందన్న సంబరంలో ఆ సాయంత్రమే ఓ పొట్లం కాజాలూ, పైన ఓ చుట్టా. ఇక ఇంట్లో మంగతాయారు గారి వడ్డనంటే వీధి వీధంతా చెప్పుకుంటుంది. చాలన్నా, వద్దన్నా, కంచం మీద బోర్లా పడుకున్నా, ఆ ఇల్లాలి చేతిలో గరిటె వెనక్కి వెళ్ళిన దాఖలా లేదు. "ఒక్క ముద్దకి ఏమైపోతారండీ" అనేది. ఏమీ అయిపోకుండానే ఇంతకాలం గడిచింది.

ఈలోగా కొత్త చెప్పు కరిచి ఎడమ కాలి చిటికెన వేలు మీద చిన్న పుండు పడింది. పసుపు పెట్టారు, కొబ్బరినూనె పెట్టారు, దిష్టి తీశారు. మానలేదు. చివరికి మంగతాయారు ఆయన్ని డాక్టరు నళిని దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ పాదం మీద వేళ్ళు పెట్టి చాలాసేపు వెతికింది. "ఇక్కడ నాడి కొట్టుకోవాలి. నాకు అందడం లేదు" అంది.

"నరం పట్టేసిందాండి?" అంది మంగతాయారు.

"నరం కాదమ్మా. కాలికి నెత్తురు తీసుకెళ్ళే గొట్టం పూడుకుపోతోంది. కాలవలో పూడిక చేరితే శివారు పొలానికి నీళ్ళు అందవు గదా? శివారంటే ఈ వేలే. అందుకే పుండు మానడం లేదు, అందుకే నడిస్తే పిక్క పట్టేస్తోంది. చుట్ట ఇవాళ్టితో ఆఖరు. పట్నం పెద్దాసుపత్రిలో కాలికి స్కానింగు తీయించాలి, అవసరమైతే ఆ పూడిక తీయించాలి. ఖర్చు మంజూరు చేస్తూ మీ మండలి నుంచి ఉత్తరం తెచ్చుకోండి, ఆలస్యం చెయ్యకండి. ఆలస్యమైతే వేలుతో పోదు, కాలు పోతుంది."

ఏడుకొండలు గారు కాలు వెనక్కి లాక్కున్నారు. నడక మీద బతికే మనిషి ఆయన. కాలు పోతే తనిఖీ లేదు, శాలువా లేదు, బజారు లేదు.

డాక్టరమ్మ చీటీ రాస్తూ రాస్తూ, "పరగడుపున మీ నెత్తురు చూస్తే మునీశ్వరుల నెత్తురండి. అన్నం తిన్నాక అందులో చక్కెరెంత, కొవ్వెంత అన్నది ఎవరూ చూసినట్టు లేదు. అది కూడా ఓసారి చూస్తే మంచిది" అని ఆ ముక్క కూడా చివర్న చేర్చింది. కొంప ముంచింది ఆ చివరి ముక్కే.

మండలి డైరెక్టరు వామనమూర్తి గారు చీటీలో పై భాగమంతా వదిలేసి ఆ చివరి ముక్క మూడుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడిచారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తిన్నాక! ఎంత మాట! కానీ ఏడుకొండలు గారూ, ఏం తిన్నాక? ఎంత తిన్నాక? ఎవరి గరిటెతో తిన్నాక? ఒకడు తిన్నది ఒకడు తినడు. ఈ దేశంలో పెట్రోలుకి ప్రమాణం ఉంది, గుడ్డకి ప్రమాణం ఉంది, అన్నం ముద్దకి లేదు. ప్రమాణం లేని భోజనం భోజనం కాదండీ, అది కేవలం తినడం."

"నా కాలు సంగతండి..." అన్నారు ఏడుకొండలు గారు.

"మీ కాలు చరిత్రలో నిలిచిపోతుంది" అన్నారు డైరెక్టరు గారు.

రెండో రోజుకల్లా సర్క్యులర్ వచ్చేసింది. "ఇందుమూలంగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఇకమీదట వైద్య నిమిత్తం పట్నం వెళ్ళగోరు ప్రతి ఉద్యోగియు ప్రామాణిక భోజనము చేసి, తదనంతర రక్తపరీక్షలో ప్రామాణిక ఫలితము సాధించి, తమ ప్రయాణ దారుఢ్యమును నిరూపించుకొనవలెను." రోగం లేదని రుజువైతేనే రోగానికి వైద్యం చేయిస్తారన్నమాట. ఇందులో తిరకాసు ఏమీ లేదనీ, పడవ ఎక్కేవాడికి ఈత రావాలన్నట్టే ఇదీనని గుమాస్తా విడమరిచి చెప్పాడు. "అత్యవసరమైతే ఏ ఉత్తరమూ అక్కర్లేదండి, తిన్నగా వెళ్ళిపోవచ్చు. వేలు నల్లబడితే అత్యవసరం. మీది ఇంకా ఎర్రగానే ఉంది గదండీ. కంగారు పడకండి, నల్లబడ్డాక రండి" అన్నాడు ఎంతో ఆప్యాయంగా.

ప్రామాణిక భోజనంలో ఏముండాలో తేల్చడానికి ఉపసంఘం కూర్చుంది. గుంటూరాయన గోంగూర మాంసం లేకపోతే సంతకం పెట్టనన్నాడు. నెల్లూరాయన చేపల పులుసు అన్నాడు. సీమ ఆయన సంగటీ నాటుకోడీ అన్నాడు. మన గోదావరి ఆయన పనసపొట్టు కూరా, పూతరేకులూ, ఆ పైన ఆవపెట్టిన పులిహోరా అని మూడు వేళ్ళు చూపించాడు. ఏ ప్రాంతం మనోభావాలూ గాయపడరాదని తీర్మానించి అన్నీ పెట్టేశారు. పప్పులో నెయ్యి మీద మాత్రం ఎవరికీ పేచీ రాలేదు. ఆ తర్వాత డైరెక్టరు గారి అరచేతి కొలతతో ఇత్తడి ముద్ద ఒకటి పోత పోయించి, మండలి ముద్ర కొట్టించి, ముఖమల్ పెట్టెలో పెట్టారు. అది ప్రామాణిక ముద్ద. ఆకులో కలిపిన ప్రతి ముద్దనీ దాంతో సరిచూడాలి. నోట్లో పట్టని వాళ్ళు నోరు సవరించుకోవాలి.

మొదటి పరీక్ష రోజు మండలి ఆవరణలో షామియానా వేశారు. బంతి తీరి అందరూ బాసింపట్లు వేసుకు కూర్చున్నారు. వంట, వడ్డన సత్తిపండు గారివి. ఆ చుట్టుపక్కల సత్తిపండు గారు గరిటె పట్టని పెళ్ళి పెళ్ళే కాదు. అంతా కొలత ప్రకారం వడ్డన అయింది. డైరెక్టరు గారు గడియారం చూసుకుని మురిసిపోయారు. సరిగ్గా అప్పుడు సత్తిపండు గారు నేతి గిన్నె పట్టుకుని మళ్ళీ బంతి మొదటికొచ్చారు.

"అయ్యో, ఆకు చిన్నబోయిందండీ! ఒక్క గరిటె. ఆయ్, మీరలా చెయ్యి అడ్డం పెడితే నా మీదొట్టే!"

ఆపేలోపు బంతంతా కొసరు పడిపోయింది. ఒకరికి ఒకటి, ఒకరికి మూడు, సత్తిపండు గారికి బావమరిది వరసైన గుమాస్తాకి లెక్కే లేదు. సాయంత్రం తీసిన నెత్తురు గాజు గొట్టంలో కాసేపు నిలబెడితే పైన తేరిన నీరు మజ్జిగలా తెల్లగా ఉంది. డాక్టరు నళిని గొట్టం ఎత్తి చూపించి, "చూశారా, కొవ్వు" అంది. డైరెక్టరు గారు చూడలేదు. "కొసరు ప్రమాణబద్ధం కాదు. పరీక్ష రద్దు" అన్నారు. ఏడుకొండలు గారి కాలు మళ్ళీ వాయిదా పడింది.

మర్నాడు కొసరు నిషేధించారు. సత్తిపండు గారు గరిటె నేలకేసి కొట్టారు. "కొసరకుండా వడ్డించమంటే నా వల్ల కాదండి. మా తాతగారి పెద్దకర్మ రోజున కూడా ఏడుస్తూనే కొసరి వడ్డించాం. మిషను పెట్టుకోండి మీరు!" సిబ్బంది సంఘం కూడా ఆకులు బోర్లించి ధర్నా చేసింది. కొసరని చోట తినడం పరువు తక్కువని మహజరు ఇచ్చింది. డైరెక్టరు గారు ఆ రోజంతా తలుపేసుకు కూర్చుని ఆలోచించి, వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చారు. రద్దు చెయ్యలేనిదాన్ని ప్రమాణంలోకి తేవాలి!

అలా కొసరు అధికారి పోస్టు పుట్టింది. అంతకుముందు పెట్రోలు బంకుల్లో గొట్టాలు సరిచూసే జోగినాథం గారికి ఆ పదవి దక్కింది. మండలి ముద్ర ఉన్న నేతి గరిటెతో ఆయన ఆకు ముందు వంగి, "అయ్యో, ఏమీ తినలేదు మీరు" అనాలి. తినేవాడు చెయ్యి ఆకుకి బెత్తెడు ఎత్తున అడ్డం పెట్టి "వద్దు" అనాలి. అధికారి "నా మాట కాదనకండి" అనాలి. తినేవాడు రెండో "వద్దు" కాస్త మెత్తగా అనాలి. అప్పుడు కొసరు పడాలి. రెండుకి మించి వద్దులు ప్రమాణంలో లేవు. దీనికి మొహమాటం తరగతులు పెట్టి తర్ఫీదు కూడా ఇచ్చారు. పాపం, లెక్కల విభాగంలో ఒకావిడ తప్పింది. నిజంగానే వద్దన్నట్టు వినిపించిందట.

"పోనీ తిన్నాక కాస్త నడవనివ్వండి. నడిస్తే చక్కెరా కొవ్వూ రెండూ తగ్గుతాయి. ముఖ్యంగా ఏడుకొండలు గారి కాలికి నడకే మందు" అని బతిమాలింది డాక్టరమ్మ.

"నడిస్తే తగ్గుతాయా?" డైరెక్టరు గారు ఉలిక్కిపడ్డారు. "అంటే నడక కల్తీ అన్నమాట!"

ఇంకేముంది. తిన్నాక నెత్తురు తీసేదాకా ఎవరూ కాలు కదపరాదని ఉత్తర్వు. గుమ్మాల దగ్గర కాపలా. దిళ్ళు మండలే సరఫరా చేసింది. మండలి మండలంతా త్రేనుస్తూ పడుకుని ఉంటే, ఇక్కడ బజారులో తూకం రాళ్ళు నానాటికీ చిక్కిపోయాయి. పక్క శాఖలవాళ్ళు డిప్యుటేషన్ల మీద వచ్చిపడ్డారు. రిటైరైనవాళ్ళు తమ నెత్తురు కూడా దేశానికి ఇస్తామన్నారు. ఒక పెద్దమనిషి కూతురి పెళ్ళి ముహూర్తం పరీక్ష రోజుకి మార్పించి, మొత్తం పెళ్ళివారిని శాంపిళ్ళ కింద దింపాడు.

ఏడుకొండలు గారు ప్రతి బంతిలోనూ కూర్చున్నారు. తినకపోతే ఉత్తరం లేదు, తింటే ఫలితం లేదు. కాలు మడిచి గంటల తరబడి కూర్చోవడంతో ఇప్పుడు పిక్క నాలుగడుగులకి కాదు, లేచి నిలబడగానే పట్టేస్తోంది.

"కాలు చూడండి మహాప్రభో అని వెళ్తే కడుపు నింపి పంపిస్తున్నారేంటండీ!" అని మంగతాయారు నెత్తి కొట్టుకుంది. "మీరా వద్దు అన్న ముక్క గట్టిగా అనలేరా?"

"నీ దగ్గరే అనలేకపోయానే. ఇంత మందిలో అంటానా?" అన్నారాయన. అనేశాక ఆవిడ మొహం చూసి, అనకుండా ఉండాల్సింది అనుకున్నారు. మంగతాయారు లోపలికి వెళ్ళిపోయింది.

ప్రామాణిక భోజన పథకం చూడటానికి రాజధాని నుంచి పెద్దలొచ్చిన రోజున ఆ పెళ్ళివారూ బంతిలో ఉన్నారు, సన్నాయి కూడా పెట్టించారు. ఇత్తడి ముద్దని పల్లకీలో తెచ్చారు. అన్నం, పప్పు, మాంసం, పులుసు, పనసపొట్టు, అన్నీ పడ్డాయి. ఏడుకొండలు గారు కాలు మడుస్తూ, పుండుకి కట్టిన గుడ్డ జారితే సర్దబోయి, వేలు చూసుకున్నారు. చిటికెన వేలు నేరేడు పండులా ఉంది. గిల్లి చూశారు. తెలియలేదు. మళ్ళీ గిల్లారు. వేరొకళ్ళ వేలు గిల్లినట్టే ఉంది. చుట్టూ సన్నాయి, నవ్వులు, నెయ్యి వాసన.

జోగినాథం గారు వంగారు. "అయ్యో, ఏమీ తినలేదు మీరు."

"వద్దు" అన్నారు ఏడుకొండలు గారు.

"నా మాట కాదనకండి."

"వద్దు."

పద్ధతి ప్రకారం గరిటె ఒరిగింది. నెయ్యి అంచుదాకా వచ్చింది.

"వద్దూ!"

సన్నాయి ఆగిపోయింది. జోగినాథం గారి గరిటె గాల్లో అలాగే ఉండిపోయింది. మూడో వద్దుకి ఏం చెయ్యాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఆయన డైరెక్టరు గారి వైపు చూశారు, డైరెక్టరు గారు పెద్దల వైపు చూశారు, పెద్దలు పూతరేకుల వైపు చూశారు. ఏడుకొండలు గారు నేల మీద చెయ్యి ఆనించి లేచి నిలబడ్డారు. బంతి మధ్యలోంచి, ఎంగిలి చేత్తో, ఆకు ముందు నుంచి లేచారు! ముత్యాలలంకలో అల్లుళ్ళు కూడా అంత పని చేసి ఎరగరు.

కొసరు మళ్ళీ వచ్చాక వంటకి మాత్రం తిరిగొచ్చిన సత్తిపండు గారు మెల్లగా ముందుకొచ్చారు. "బాబూ, నా వడ్డన మొత్తంలో నిజం వద్దు ఇదే మొదటిసారి విన్నానండి. వెళ్ళండి" అని షామియానా గుడ్డ పైకెత్తి పట్టుకున్నారు.

"పరీక్ష మధ్యలో నడక! కల్తీ! పట్టుకోండి!" అని అరిచారు డైరెక్టరు గారు.

అంతే, ఏడుకొండలు గారు ముందు, ఆయన వెనక గరిటెతో జోగినాథం గారు, ఆయన వెనక సూదితో రక్తం తీసే అతను, వెనక డైరెక్టరు గారు, మండలి సిబ్బంది, పెళ్ళివారు. అందరూ బజారులో పడ్డారు. లేచినప్పటి నుంచీ పట్టేస్తున్న ఏడుకొండలు గారి పిక్క బెల్లం కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఇక కదలనివ్వలేదు. అలవాటు చొప్పున కొట్టు వైపు తిరిగి నిలబడ్డారు. బెల్లం కొట్టాయన తలెత్తి చూశాడు. ఇన్నాళ్ళకి తనిఖీ అధికారి, వెనకాల మొత్తం మండలి!

"దాడి రా దేవుడోయ్! మొత్తం మండలే దిగిపోయింది!"

క్షణంలో బజారు గగ్గోలైపోయింది. చిక్కిపోయిన రాళ్ళు, కురచ బద్దలు, సొట్ట గిద్దెలు అన్నీ పక్కనున్న పంట కాలవలోకి దబదబా పడ్డాయి. ఆయన ఇనప కొట్టు దగ్గర ఆగారు, అక్కడా దబదబా. జాకెట్టు గుడ్డల కొట్టు దగ్గర ఆగారు, అక్కడా దబదబా. ఆయన ఆగినప్పుడల్లా వెనకవాళ్ళు అందుకోవాల్సింది. కానీ నెలల తరబడి కొసరిన నెయ్యి ఊరికే పోతుందా! పెళ్ళివారు మొదటి సందులోనే చతికిలబడ్డారు. సిబ్బంది అరుగుల మీద వాలిపోయారు. డైరెక్టరు గారు కిళ్ళీ కొట్టు ముందు పొట్ట పట్టుకుని నిలబడి, "నడక ప్రమాణం... నడక ప్రమాణం..." అంటూ రొప్పారు.

బస్టాండు దగ్గర మంగతాయారు సంచీతో, ఆయన్ని పిలుచుకురావడానికి మండలికి బయల్దేరబోతూ ఎదురైంది. ఆవిడ పొద్దున కట్టు కడుతూనే ఆ వేలు చూసింది, చెబితే ఆయన కాళ్ళు చల్లబడతాయని చెప్పకుండా డాక్టరు నళిని దగ్గరికి పరిగెత్తింది. వెనకాలే డాక్టరమ్మా వచ్చింది. వేలు చూసి చీటీ మీద ఒక్క ముక్కే రాసింది: అత్యవసరం. ఈసారి చివర్న ఏమీ చేర్చలేదు.

పట్నంలో తొడ దగ్గర్నుంచి సన్నటి తీగ పంపించి, బుడగ ఊది, పూడుకున్న గొట్టం తెరిచారు. చిటికెన వేలు పోయింది. కాలు నిలబడింది. ఆలస్యమైంది గానీ ఇంకా ఆలస్యం కాలేదన్నాడు అక్కడి డాక్టరు. మంగతాయారు ఆసుపత్రి వరండాలో కూర్చుని, దాచుకున్న ఏడుపంతా ఆ పూటే ఏడ్చేసింది.

తిరిగొచ్చాక ఆయనకి మండలి నుంచి రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి, ఒక్కరోజులో బజారంతా తనిఖీ చేసినందుకు శాలువా. రెండోది, భోజనం పూర్తి చేయకుండా కోలుకున్నందుకు సంజాయిషీ. సగం తిన్న ఆయన ఆకుని సాక్ష్యంగా గాజుపెట్టెలో పెట్టారు. మూడో వద్దుకి ఏం చెయ్యాలో తేల్చడానికి ఉపసంఘం కూర్చుంది కాబట్టి, తేలేదాకా పరీక్ష ముగిసినట్టు కాదు కాబట్టి, జోగినాథం గారు రోజూ ఆఫీసు వేళల్లో ఆ గాజుపెట్టె ముందు గరిటె పట్టుకుని కొద్దిగా వంగి నిలబడుతున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనానికి వెళ్ళొస్తారు.

ఏడుకొండలు గారు ఇప్పుడు చేపల బజారు నుంచి బస్టాండు దాకా ఒక్క ఊపున నడుస్తారు. డాక్టరమ్మ రోజూ నడవమంది. ఆయన కనబడగానే కొట్లవాళ్ళు కాటాలు సర్దుకుంటారు, ఆయన ఆగరు. ఆగకపోయేసరికి వాళ్ళకి మరీ భయంగా ఉందట.

ఓ రోజు నడక ముగించుకుని ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నారు. ముడి బియ్యం అన్నం, బీరకాయ పప్పు, మజ్జిగ. ఆ పప్పులో ఏముందో గానీ ప్రాణం లేచొచ్చింది. మంగతాయారు గరిటె నిండా పప్పు తీసి, ఎప్పట్లాగే వంగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దు."

రెండోది కూడా సిద్ధం చేసుకున్నారు, అవసరమైతే మూడోది కూడా. గరిటె కంచం మీద ఒక్క క్షణం ఆగింది. ఆవిడ దాన్ని వెనక్కి తీసి, పప్పు గిన్నెలో వేసి, మూత పెట్టేసింది.

ఆయన తెల్లబోయి చూశారు. "ఏమే, కోపమొచ్చిందా?"

"కోపమెందుకండీ" అంది మంగతాయారు, మూత మీద నుంచి చెయ్యి తియ్యకుండా. "మీరు వద్దన్నారు గదా."